చిన్న బడ్జెట్ మాయల సినిమాకు వచ్చిన అభిప్రాయాలను ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. పాత ఇంటి అటక మీద దొరికిన మంత్రదండంతో ఇద్దరు పిల్లలు చిక్కుల్లో పడే ఒక చిన్న బడ్జెట్ ఫాంటసీ సినిమాను ఇంటిల్లిపాదీ కలిసి చూడాలనుకున్నారు. మీ పిల్లల వయసులు ఆరు, తొమ్మిది, పదమూడు. సినిమాకు నూట నలభై ఓట్లే పడ్డాయి, సగటు పదికి ఐదు లోపే ఉంది. ఒకరు "గ్రాఫిక్స్ నాసిరకం, సమయం దండగ" అన్నారు, ఇంకొకరు "మా పిల్లలు వరుసగా రెండుసార్లు చూశారు" అన్నారు, మరొకరు "పోస్టర్ మీద ఉన్న డ్రాగన్ సినిమాలో రెండు నిమిషాలు కూడా లేదు" అని కోప్పడ్డారు. నాలుగో వ్యక్తి మొదటి అరగంట ఓపిక పట్టమన్నారు. ఐదో వ్యక్తి ఛాయాగ్రహణం మొదలు దుస్తుల దాకా అన్నింటినీ ఆకాశానికెత్తి పదికి పది ఇచ్చారు. వీరిలో ఎవరి మాట నమ్మాలని మీరు అడుగుతున్నారు.

నేను చాలాకాలం పోస్ట్ ప్రొడక్షన్‌లో, ముఖ్యంగా ఇటువంటి చిన్న చిత్రాల కంపోజిటింగ్ పనిలో, అంటే విడివిడిగా తీసిన, గీసిన దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపే పనిలో ఉన్నాను. తరువాత పిల్లల ప్రదర్శనలకు సినిమాలు ఎంపిక చేసే బాధ్యతలోకి వచ్చాను. ఆ అనుభవంతో చెప్పేదేమంటే, ఈ ఐదుగురిలో అబద్ధం చెప్పినవారు బహుశా ఎవరూ లేరు. అయితే ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, వాటిలో మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నవి రెండే. ప్రేక్షకుడు ఇచ్చిన మార్కును పక్కన పెట్టి, అతను ఏ ఆశతో కూర్చున్నాడు, ఎక్కడ విసుగెత్తాడు అన్నది వెతికితే, ఒకటి ఇచ్చినవారి మాటల్లో కూడా మీకు పనికివచ్చే సమాచారం దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది గ్రాఫిక్స్ ఫిర్యాదు కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. సాధారణ ప్రేక్షకుడికి ఒక షాట్ కృతకంగా ఉందని వెంటనే తెలుస్తుంది, ఎందుకు కృతకంగా ఉందో మాత్రం చెప్పలేడు. చీకటి గదిలో ఒక పిల్లవాడు మంత్రదండం ఎత్తాడనుకోండి. దండం కొసన బంగారు రంగు తళుకులు సుడి తిరుగుతాయి. ఆ తళుకులు ఎంత నాణ్యంగా గీసినవైనా, ఆ వెలుగు పిల్లవాడి బుగ్గ మీద పడకపోతే, అతని కళ్ళల్లో చుక్కగా మెరవకపోతే, వెనుక గోడ మీద నీడ కదలకపోతే, చూసేవారి కన్ను ఆ తళుకులను తెర మీద అతికించిన కాగితంలాగే చూస్తుంది. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ విరుగుడు కాదు. షూటింగ్ రోజునే దండం కొసలో ఒక చిట్టి ఎల్‌ఈడీ దీపం అమర్చి, కెమెరాకు కనబడకుండా పక్కన ఇంకొక దీపం పట్టుకున్న మనిషి ఉంటే చాలు. ఆ పని ముందుగా ఆలోచించిన దర్శకుడు తక్కువ డబ్బుతోనే నమ్మించగలుగుతాడు. ఆలోచించనివాడు ఎడిటింగ్ పూర్తయ్యాక మా వంటివారి దగ్గరకు వచ్చి వెలుతురు పుట్టించమంటాడు. ఒక సెకనుకు 24 ఫ్రేములు, అంటే నాలుగు సెకన్ల షాట్‌కు 96 ఫ్రేముల మీద పిల్లవాడి ముఖానికి వెలుతురు పుట్టించి సరిదిద్దాలి. ఆ ఫ్రేములన్నిటికీ సరిపడే గడువు చిన్న సినిమాకు ఎప్పుడూ ఉండదు.

గ్రీన్ మ్యాట్, అంటే నేపథ్యాన్ని తరువాత మార్చడానికి నటుల వెనుక కట్టే పచ్చ తెర, దాని సంగతి కూడా ఇంతే. పచ్చ తెరకు మరీ దగ్గరగా నటులను నిలబెడితే ఆ పచ్చదనం భుజాల మీద, జుట్టు అంచుల మీద పడుతుంది. దాన్ని తుడిచివేయబోతే జుట్టు పోచలు కూడా తెగిపోయి తల చుట్టూ కత్తెరతో కత్తిరించిన గీత మిగులుతుంది. సమీక్షలో ఎవరైనా "మనుషులు బొమ్మల్లా అతికినట్టున్నారు" అని రాస్తే ఇదే కారణం. అది నిజమైన లోపమే. కానీ అది ఎన్ని షాట్లలో ఉంది, కథలో ఏ చోట ఉంది అన్నది ఆ వాక్యం చెప్పదు. ఎగిరే సన్నివేశం ఒక్కటే అలా ఉంటే పిల్లలు క్షమిస్తారు, కథ అంతా అటువంటి నేపథ్యాల ముందే నడిస్తే పెద్దలకు తలనొప్పి తప్పదు. కాబట్టి గ్రాఫిక్స్ బాగాలేవన్న అభిప్రాయం కనబడినప్పుడు, ఆ రాసినవారు ఫలానా సన్నివేశం అని చెప్పారా లేదా చూడండి. సన్నివేశం పేరెత్తినవారి మాటకు విలువ ఇవ్వవచ్చు. ఊరికే చెత్త అన్నవారు చాలాసార్లు మొదటి పది నిమిషాలకే ఆపేసి ఉంటారు.

డబ్బు లేకపోవడం, మాయ పండకపోవడం ఒకటి కావు. సినిమా తొలినాళ్ళలోనే మాయను వృత్తిగా పట్టుకున్న జార్జ్ మెలియెస్ స్వయంగా ఇంద్రజాలికుడు, 1888లో పారిస్‌లోని రాబర్ట్ హూడిన్ నాటకశాలను కొని నడిపినవాడు. 1896లో అతను కుర్చీలో కూర్చున్న స్త్రీని మాయం చేసిన చిత్రంలో, రంగస్థలం మీదైతే ఆ గారడీకి అవసరమయ్యే నేలమాళిగ తలుపు అక్కరలేకపోయింది. కెమెరా ఆపి, ఆమెను పక్కకు పంపి, మళ్ళీ తిప్పారు, తరువాత ఫిల్మును కచ్చితంగా కోసి అతికారు. అంతే ఖర్చు. మరోవైపు బొమ్మలకు తెర మీద ప్రాణం పోసే పనిలో పేరుపొందిన రే హ్యారీహౌసెన్ 1963 నాటి ఒక చిత్రంలో ఏడు అస్థిపంజరాలు మనుషులతో కత్తియుద్ధం చేసే ఘట్టానికి, బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో కదిలిస్తూ నాలుగు నెలలకు పైగా వెచ్చించాడు. ఈ రోజు చూసే పిల్లలకు అవి బొమ్మలని తెలుస్తూనే ఉంటుంది, అయినా కళ్ళు తిప్పుకోరు. మెలియెస్‌కు పథకం ఉంది, హ్యారీహౌసెన్‌కు ఓపిక ఉంది. చిన్న బడ్జెట్ సినిమా విఫలమైనప్పుడు సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి లోపించి ఉంటుంది, ఆ నింద అంతా పోయి గ్రాఫిక్స్ నెత్తిన పడుతుంది.

ఇంకో మాట. సమీక్షల్లో గ్రాఫిక్స్ మీద వేసే నిందలో సగం నిజానికి కథ మీదిది. మాయకు ఒక కట్టడి ఉంటుంది, ఉండాలి. ఈ దండం రోజుకు ఒక్కసారే పనిచేస్తుందనో, అబద్ధం చెప్పినవారి చేతిలో పనిచేయదనో మొదట చెప్పి, పతాక సన్నివేశంలో ఏ కారణమూ లేకుండా అన్నీ చేసిపెడితే, ప్రేక్షకుడికి మోసపోయినట్టు అనిపిస్తుంది. ఆ అసంతృప్తిని మాటల్లో పెట్టడం కష్టం. ఆ క్షణంలో తెర మీద కనబడుతున్నది నాసిరకం నీలిమంట కాబట్టి, సమీక్షలో నీలిమంటను తిడతాడు. ఇదే నీలిమంట, కట్టడి పాటించిన కథలో అయితే, ఎవరి కంటా పడదు. నేను ఎంపిక కోసం సినిమాలు చూసేటప్పుడు మొదట పరీక్షించేది ఇదే: మంత్రం వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒకటి కోల్పోతున్నారా, లేక కోరుకున్నదల్లా ఉచితంగా దొరుకుతున్నదా? పిల్లలు ఈ విషయంలో పెద్దలకంటే నిక్కచ్చిగా ఉంటారు. "మొన్న అలా కుదరదన్నాడు కదా, ఇప్పుడెలా కుదిరింది?" అని హాల్లో గట్టిగా అడిగేది వాళ్ళే. సమీక్షల్లో "ముగింపు హడావిడిగా ఉంది", "చివర్లో అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి" వంటి మాటలు పదే పదే వస్తుంటే, గ్రాఫిక్స్ గురించి వచ్చిన పది ఫిర్యాదులకంటే వాటిని గట్టిగా పట్టించుకోండి. మీరు పంపిన ఐదింటిలో అటువంటి మాట లేకపోవడం నాకు మంచి సూచనగా కనబడింది.

పోస్టర్ మీద డ్రాగన్ గురించిన కోపం పూర్తిగా న్యాయమైనదే, కానీ అది సినిమా గురించి కాదు. చిన్న చిత్రాల పోస్టర్లను చాలాసార్లు దర్శకుడు నిర్ణయించడు. హక్కులు కొన్న పంపిణీదారు నిర్ణయిస్తాడు, ఒక్కొక్క దేశంలో పేరు కూడా మారుస్తాడు. పెద్ద సినిమా విడుదలయ్యే సమయానికి దానిని పోలిన పేరుతో, అదే రంగుల పోస్టర్‌తో చిన్న సినిమాను బజారులోకి వదలడం పాత వ్యాపార పద్ధతే. అటక, ఇద్దరు పిల్లలు, ఒక దండం ఉన్న ఇంటి కథ మీద రెక్కలు విప్పిన డ్రాగన్‌ను అచ్చువేస్తే, యుద్ధాలు ఆశించి వచ్చినవాడు ఒక మార్కు ఇచ్చి పోతాడు. అతని మార్కు సగటును కిందికి లాగుతుంది, కానీ మీకు అతను చెప్పిన అసలు విషయం వేరు: ఇది ఇంట్లో నడిచే నెమ్మదైన కథ, డ్రాగన్ పేరుకే ఉంది. మీకు ఆరేళ్ల పాప ఉన్నప్పుడు అది లోపమని నేను అనుకోను.

అంకెల విషయం త్వరగా ముగిస్తాను. ప్రేక్షకులు సినిమాలకు మార్కులు వేసే ఐఎండీబీ వెబ్‌సైట్‌లో కనబడే సగటు సాదా సగటు కాదు, ఓట్లకు వేర్వేరు బరువులు ఇచ్చి లెక్కకట్టినది, ఆ లెక్క సూత్రాన్ని వారు బయటపెట్టరు. సమీక్షలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో విమర్శకుల శాతం అంటే మెచ్చుకున్నవారి నిష్పత్తి మాత్రమే, 60 శాతం, ఆపైన ఉంటే తాజా అన్న గుర్తు వస్తుంది. అందరూ "పరవాలేదు" అన్న సినిమాకు అక్కడ నూటికి నూరు రావచ్చు. అక్కడి ప్రేక్షకుల శాతం కూడా ఐదుకు మూడున్నర నక్షత్రాలు, ఆపైన ఇచ్చినవారి వాటాయే. ఇక మీ సినిమా వంటి వాటికి ఓట్లే తక్కువ. నూట ఇరవై మంది సగటున 4 ఇచ్చారనుకుందాం. చిత్రబృందం, వారి బంధువులు కలిసి ఇరవై మంది పదికి పది వేస్తే సాదా లెక్కలో సగటు దాదాపు 4.9కి ఎగబాకుతుంది. ఆపైన పోలిక పేరుతో మోసపోయిన ఇరవై మంది ఒకటి వేస్తే మళ్ళీ దాదాపు 4.4కి పడిపోతుంది. అందువల్ల సగటును వదిలి, ఏ మార్కుకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే పట్టీ తెరవండి. రెండు కొసలా ఎత్తుగా, మధ్యలో గుంటగా ఉంటే ప్రేక్షకులు విడిపోయారని అర్థం. అటువంటి చోట ఐదు, ఆరు, ఏడు ఇచ్చినవారు రాసిన వాటినే నేను ముందు చదువుతాను. వాళ్ళకు ఎవరినీ కాపాడవలసిన పని లేదు, ఎవరి మీదా కసి లేదు.

మీ ఐదో సమీక్షకుడి సంగతి ఇక్కడే చెప్పవచ్చు. సామాన్య ప్రేక్షకుడు సినిమా అయ్యాక పిల్లవాడి పేరు, కుక్క పేరు గుర్తుంచుకుంటాడు. దుస్తులు, లొకేషన్లు, రంగుల దిద్దుబాటు ఒక్కొక్కటిగా పేరు పెట్టి పొగిడి, "అందరూ ప్రాణం పెట్టి పనిచేశారు" అన్నవారు షూటింగ్‌ను దగ్గరగా చూసినవారు అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఖాతా నుంచి ఇంకే సినిమాకైనా సమీక్ష ఉందో లేదో చూడండి. లేకపోతే దానిని అభినందన లేఖగా భావించి ముందుకు సాగవచ్చు. అందులో తప్పేమీ లేదు, ఇటువంటి సినిమాలకు పనిచేసినవారికి చాలాసార్లు జీతానికి బదులు ఆ తృప్తే మిగులుతుంది.

"రెండుసార్లు చూశారు" అన్న తల్లిదండ్రుల మాట విలువైనదే కానీ కనబడినంత బలమైనది కాదు. చిన్నపిల్లలు నచ్చినదాన్ని పదే పదే చూస్తారు, ఒక్కొక్కసారి అంతగా నచ్చనిదాన్ని కూడా చూస్తారు, తరువాత ఏమి జరుగుతుందో తెలిసి ఉండటమే వారికి ఒక సుఖం. నేను అంతకంటే నమ్మేది సినిమా ముగిశాక పిల్లలు ఏమి చేశారన్నది. కట్టెపుల్ల పట్టుకుని మంత్రం సాధన చేశారా? దండం ఎందుకు అలిగింది అని అడిగారా? మధ్యలో లేచి వెళ్ళారా, వెళితే ఏ సన్నివేశం దగ్గర? ఇటువంటి వివరం ఒక్కటి ఉన్న సమీక్ష నాకు వంద నక్షత్రాలకంటే ఎక్కువ. ప్రదర్శనల్లో నేను తెరవైపు కాకుండా హాలువైపు చూస్తూ నిలబడేవాడిని. మంత్రంతో పెట్టె మూత తెరుచుకునే సన్నివేశం ఒక చిన్న చిత్రంలో ఉంది. అందులో తళుకులేమీ లేవు. తాళం క్లిక్కుమన్న చప్పుడు, వెంటనే చెల్లెలి ముఖం మీదికి కట్, ఆమె ఊపిరి బిగబట్టడం, అప్పుడు మూత కిర్రుమనడం. ముందు వరుసలో పిల్లలందరూ ఆమెతో పాటే ఊపిరి బిగబట్టారు. వెనుక వరుసలో ఒక పెద్దమనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ఇద్దరి చేతా సమీక్ష రాయిస్తే రెండు వేర్వేరు సినిమాల గురించి రాసినట్టు ఉంటుంది.

వయసు తేడా ఇక్కడే పనిచేస్తుంది. ఆరేళ్ల పిల్లకు మాయ అన్నది నిజం కాదని చాలావరకు తెలుసు, అయినా తలుపు సందు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆమె చూసేది దండం ఏమి చేయగలదన్నది. తొమ్మిదేళ్ల పిల్లవాడు కట్టడిని చూస్తాడు, లెక్క తప్పితే పట్టుకుంటాడు. పదమూడేళ్ల వయసులో అన్నింటికంటే ముఖ్యం తాను చిన్నపిల్లల సినిమా చూస్తున్నట్టు ఎవరికీ కనబడకపోవడం. కాబట్టి ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులు తక్కువ మార్కు ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు. సమీక్ష రాసినవారి పిల్లల వయసు తెలియకపోతే ఆ సమీక్ష మీకు సగమే ఉపయోగం.

పిల్లల నటన బిగుసుకుపోయి ఉందన్న ఫిర్యాదు మీ ఐదింటిలో లేదు కానీ వెతికితే తప్పకుండా దొరుకుతుంది, ఈ తరహా సినిమాలన్నిటికీ అది ఉంటుంది. చాలా దేశాల్లో పిల్లలు రోజుకు ఎన్ని గంటలు సెట్‌లో ఉండవచ్చో చట్టం పరిమితి పెట్టింది. పెద్ద సినిమా ఆ పరిమితికి తగ్గట్టు రోజులు పెంచుకుంటుంది, చిన్న సినిమా టేకులు తగ్గించుకుంటుంది. దానికి తోడు, లేని డ్రాగన్‌ను చూసి భయపడమని కర్రకు కట్టిన టెన్నిస్ బంతిని చూపిస్తే, అనుభవమున్న నటుడికే చూపు నిలవదు. మాటలు చెప్పే సన్నివేశాల్లో బాగా చేసిన పిల్లలు మాయ సన్నివేశాల్లో మాత్రం తేలిపోతున్నారంటే, తప్పు వారిది కాదు.

నేను నిజంగా క్షమించని లోపాలు వేరే ఉన్నాయి. లావుగా ఉన్నవాణ్ణి, నత్తిగా మాట్లాడేవాణ్ణి నవ్వులపాలు చేసి హాస్యమనుకోవడం ఒకటి. పెద్దలందరినీ మూర్ఖులుగా చూపడం మరొకటి, ఇది రచయిత సోమరితనం తప్ప మరేమీ కాదు. మూడోది, మాయ చూపించడానికి డబ్బు లేక, జరిగిపోయిన మాయను పాత్రల చేత చెప్పించడం. "నువ్వు చూడాల్సింది, ఆకాశమంతా వెలుగే!" అని ఒక పాత్ర పరుగెత్తుకొచ్చి చెబితే ఒకసారికి నవ్వుకోవచ్చు, మూడోసారి కూడా అదే జరిగితే సినిమా చేతులెత్తేసినట్టే. సమీక్షల్లో "అంతా మాటలే" అన్న ఫిర్యాదు ఒకరికంటే ఎక్కువ మంది చేస్తే వెనక్కి తగ్గండి. సంగీతం గురించి వచ్చే అభిప్రాయాలను నేను పట్టించుకోను, ఎవరి చెవి వారిది. భయపెట్టే సన్నివేశాల గురించి మాత్రం వయసు ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా, ఐఎండీబీలో తల్లిదండ్రుల కోసం ఉన్న విభాగం చదవండి. ఏ నిమిషంలో ఏమి ఉందో కొందరు ఓపికగా రాస్తారు.

ఇక మీ సినిమా. నాలుగో వ్యక్తి చెప్పిన "మొదటి అరగంట ఓపిక" అన్నది ఐదింటిలోకెల్లా పనికివచ్చే వాక్యం. అతను విసుగు ఎక్కడ ఉందో చెప్పాడు, అది దాటితే ఏదో దొరికిందని కూడా ఒప్పుకున్నాడు. చిన్న సినిమాలు దండం దొరికేదాకా కాలయాపన చేయడం మామూలే, ఎందుకంటే దండం దొరికాకే ఖర్చు మొదలవుతుంది. ఆరు, తొమ్మిది ఏళ్ల పిల్లలకు చూపించమనే నా సలహా. అరగంట ఆగలేరనుకుంటే అటక సన్నివేశానికి కొంచెం ముందు నుంచి మొదలుపెట్టినా కథ అర్థమవుతుంది. పదమూడేళ్ల వారిని బలవంతపెట్టవద్దు. కెమెరా మాయలు ఎక్కడ దొరికిపోయాయో పట్టుకోమని పందెం వేస్తే మాత్రం వచ్చి కూర్చోవచ్చు, దండం వెలిగినప్పుడు ముఖం మీద వెలుతురు పడిందో లేదో చూడమని చెప్పండి. మొదలుపెట్టే ముందు ఒక్క విషయం సరిచూసుకోండి: ఇటువంటి చిత్రాలకు డబ్బింగ్ తరచుగా ఒకరిద్దరి గొంతులతో హడావిడిగా ముగిస్తారు, పిల్లల పాత్రలకు పెద్దవాళ్ళే గొంతు సన్నం చేసి చెబుతారు. ట్రైలర్‌లో ఆ గొంతు వినబడితే, చదవగలిగిన పిల్లలకు మూలభాషలో సబ్‌టైటిళ్లతో పెట్టి, చిన్నపాపకు పక్కన కూర్చుని మీరే చదివి చెప్పడం మేలు.